నొక్కితే ఒకటి: చేతి కౌంటర్ మీద పాఠకుల ప్రశ్నలు

బొటనవేలితో నొక్కితే అంకె ఒకటి పెరిగే చిన్న కౌంటర్ గురించి ప్రశ్నలు పంపమంటే, అన్నీ జపం మీదే వస్తాయనుకున్నాం. పెళ్లి భోజనాల దగ్గర్నుంచి రొయ్య పిల్లల దాకా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం. కింద "స్టీలు కౌంటర్" అన్నచోట నాలుగు అంకెలు తిరిగే, పక్కన సున్నా చేసే పిడి ఉండే పాత రకం అనుకోండి. "ఉంగరం కౌంటర్" అంటే వేలికి తొడుక్కునే బ్యాటరీ రకం.

ప్రశ్న: వచ్చే నెల అమ్మాయి పెళ్లి. క్యాటరింగ్ వాళ్లతో ప్లేటుకి ఇంతని మాట్లాడుకున్నాం. డైనింగ్ హాలు గుమ్మం దగ్గర మావాడిని కౌంటర్ ఇచ్చి నిలబెడితే లెక్క తేలుతుందా?
— తాడేపల్లిగూడెం నుంచి ఒక పాఠకుడు

గుమ్మం దగ్గర తేలదండి. అక్కడ తెలిసేది లోపలికి ఎంతమంది వెళ్లారన్నది. మీరు డబ్బు కట్టేది ప్లేట్లకి. హాల్లోకి వెళ్లి పలకరించి వచ్చేసేవాళ్లు, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు, వడ్డన చూసుకునే మన బంధువులు, వీళ్లందరూ మీ లెక్కలో పడతారు. వీళ్లలో కొందరు నాలుగైదుసార్లు పడతారు.

బఫే అయితే మనిషిని ప్లేట్లు దొంతర పెట్టిన బల్ల పక్కన నిలబెట్టండి. ప్లేటు దొంతరలోంచి పైకి లేచినప్పుడే నొక్కాలి. మనిషి ముఖం చూడకూడదు, ప్లేటునే చూడాలి. తెలిసినవాళ్లు కనిపించి "బాగున్నారా బాబాయ్" అనగానే రెండు మూడు ప్లేట్లు జారిపోతాయి. అందుకే ఈ పనికి దగ్గరి బంధువు కన్నా, పెళ్లివారిలో ఎక్కువమందిని ఎరగని కుర్రాడు నయం.

బంతి భోజనం అయితే మనుషుల్ని లెక్కపెట్టక్కర్లేదు. బంతికి ఎన్ని కుర్చీలో ముందే చూసుకుని, వడ్డన మొదలయ్యాక ఖాళీగా ఉన్న విస్తళ్లు మాత్రం నొక్కుకుంటూ ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి నడవండి. 120 కుర్చీల బంతిలో 14 ఖాళీ అంటే 106 మంది తిన్నట్టు. ఒక్కో బంతి లెక్కా కాగితం మీద ఒక్కో వరుసలో రాసుకోండి. కానీ ఎవరూ కూర్చోకపోయినా వేసేసిన విస్తరికి క్యాటరర్ డబ్బు అడుగుతాడా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. గొడవ ఎక్కువగా అక్కడే వస్తుంది.

ముందే తేల్చుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. ఎంత వయసు లోపు పిల్లల్ని వదిలేస్తారు, మేళగాళ్లు, ఫొటోగ్రాఫర్లు, డ్రైవర్ల భోజనాలు ఎవరి ఖాతా, వడ్డించేవాళ్లు తినేది లెక్కలో ఉందా, రెండోసారి కొత్త ప్లేటు తీసుకున్నవాళ్ల సంగతేమిటి. ఇవి మాట్లాడుకోకుండా కౌంటర్ పెడితే ఇద్దరి దగ్గరా రెండు అంకెలుంటాయి, రెండూ నిజమే అవుతాయి.

పని జరిగేటప్పుడు మూడు జాగ్రత్తలు. టిఫిన్‌కీ భోజనానికీ మధ్య కౌంటర్‌ని సున్నా చేయొద్దు, టైమూ అంకే రాసి పెట్టుకోండి, తర్వాత తీసివేస్తే సరి. ప్రతి అరగంటకి కాగితం మీద ఎక్కించండి. ఎవరైనా పిల్లాడు కౌంటర్ లాక్కుని ఆడినా ఆ అరగంట లెక్కే పోతుంది. మనిషి మారేటప్పుడు అంకె పైకి చదివి ఇవ్వాలి, తీసుకునేవాడు మళ్లీ చదవాలి.

ఇంతా చేసి, అసలు లెక్క కౌంటర్ మీద వదలొద్దు. మొదలుపెట్టే ముందు క్యాటరర్ సూపర్‌వైజర్‌ని పక్కన పెట్టుకుని ప్లేట్ల ప్యాకెట్లు లెక్కించండి, అయిపోయాక మిగిలినవి లెక్కించి తీసేయండి. కౌంటర్ దానికి సరిచూపు. పదీ పదిహేను తేడా మామూలే. వంద తేడా వచ్చిందంటే ప్లేట్ల కట్ట ఇంకో వాకిట్లోంచి వెళ్లిందన్నమాట.

ప్రశ్న: లక్ష జపం మొదలుపెట్టాలనుకుంటున్నాను. స్టీలు కౌంటర్‌లో నాలుగే అంకెలున్నాయి. ఎలా?
— నంద్యాల నుంచి ఒక పాఠకురాలు

9999 తర్వాత అది 0000కి వస్తుంది. నామానికి ఒకసారి నొక్కితే లక్షకి పదిసార్లు చుట్టు తిరుగుతుంది, ఎన్నో చుట్టులో ఉన్నారో మళ్లీ వేరే రాసుకోవాలి. అందుకని నామాలు మాల మీద, మాలలు కౌంటర్ మీద పెట్టుకోండి. మేరుపూస (మాల మొదలూ చివరా కలిసేచోటి పూస) దగ్గరకి వచ్చినప్పుడు ఒక్క నొక్కు.

108 పూసల మాల 926 సార్లు తిరిగితే 1,00,008 అవుతుంది. 108 తిప్పినా వందే లెక్క వేసుకుని, మిగతా ఎనిమిదీ పొరపాట్లకి వదిలేసే పద్ధతి మీ ఇంట్లో ఉంటే సరిగ్గా 1,000 మాలలు. రెండింట్లో ఏదైనా నాలుగంకెల్లో ఇమిడిపోతుంది. కోటి చేసేవాళ్లకి 92,593 మాలలు కావాలి కాబట్టి ఐదంకెల ఉంగరం కౌంటర్ తీసుకోండి. దాన్ని నమ్ముకుని నోట్‌బుక్ మానేయొద్దు, బ్యాటరీ తీస్తే అంకె పోతుంది.

మాల లేకుండా కౌంటర్‌తో చేయొచ్చా అని కూడా అడిగారు. అది మీకు ఉపదేశం ఇచ్చినవారిని అడగాల్సిన మాట.

ప్రశ్న: చిలుకూరు బాలాజీ గుళ్లో 108 ప్రదక్షిణలు చేసేటప్పుడు కార్డు మీద గీసుకోవడం కన్నా కౌంటర్ మేలా? రెండుసార్లు సగంలో లెక్క తప్పింది.
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

కోరిక చెప్పుకుని 11, తీరాక 108 అన్నది అక్కడి వాడుక కదా. 108 గళ్ల కార్డు మంచిదే, తప్పు జరిగినా ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది. ఇబ్బంది ఏమిటంటే జనంలో నడుస్తూ పెన్నుతో గీయాలంటే అడుగు ఆగుతుంది, వెనకవాళ్లు గుద్దుకుంటారు. కౌంటర్‌తో ఆ బాధ లేదు.

లెక్క తప్పేది మాత్రం రెండింటితోనూ ఒకే కారణానికి. ఈ చుట్టుకి నొక్కానా లేదా అన్న అనుమానం. దానికి విరుగుడు, నొక్కే చోటు ఒక్కటే పెట్టుకోవడం. ధ్వజస్తంభం దాటుతున్నప్పుడే నొక్కాలి, ముందూ కాదు, వెనకా కాదు. నొక్కగానే అంకె చూసి మనసులో అనుకోండి. ధ్వజస్తంభం దాటి నాలుగడుగులు వేశాక అనుమానం వస్తే నొక్కొద్దు. ఒక ప్రదక్షిణ ఎక్కువైతే పోయేదేముంది, తక్కువైతేనే కదా మనసు పీకేది.

స్టీలు కౌంటర్ చప్పుడు పక్కవాళ్లకి చిరాకు. గుడికి ఉంగరం రకమే నయం. ఫోన్ యాప్ వద్దు, చాలా గుళ్లలో ఫోను లోపలికి రానివ్వరు.

ప్రశ్న: హేచరీ నుంచి వెనామీ రొయ్య సీడ్ (రొయ్య పిల్ల) వచ్చినప్పుడు బ్యాగులో చెప్పినంత పిల్ల ఉందో లేదో చూడాలంటే కౌంటర్ ఎలా వాడాలి? మేము లెక్కపెట్టినప్పుడల్లా ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది.
— భీమవరం దగ్గర నుంచి ఒక రైతు

ఒక్కోసారి ఒక్కోలా రావడానికి కారణం కౌంటర్ కాదు, శాంపిల్. పిల్ల నీళ్లలో సమంగా ఉండదు. టబ్బు అంచులకీ అడుక్కీ చేరుతుంది. నీళ్లు గుండ్రంగా తిప్పితే ఎదురు ఈది ఒకచోట గుమిగూడుతుంది. అక్కడ ముంచితే ఎక్కువ, ఇటు ముంచితే తక్కువ.

పద్ధతి ఇది. లోడులో పైన కనిపించే బ్యాగులు కాకుండా మధ్యలోంచీ అడుగునుంచీ మీ ఇష్టం వచ్చిన రెండు మూడు బ్యాగులు తీయించండి. ఒక్కో బ్యాగుని విడిగా టబ్బులో పోసి, బ్యాగులోని నీటికున్నంత ఉప్పదనమే ఉన్న నీళ్లు కలిపి సరిగ్గా 10 లీటర్లు చేయండి. ఈ కొలత ఉజ్జాయింపుగా ఉంటే తర్వాత చేసేదంతా దండగ. చేత్తో గుండ్రంగా తిప్పకుండా, అడుగు నుంచి పైకి మెల్లగా ఎత్తుతున్నట్టు కలపండి. కలిపిన వెంటనే 100 మి.లీ. బీకరుతో సగం లోతులోంచి ముంచండి. ఇలా ఐదుసార్లు, ప్రతిసారీ కలిపి, ఐదు వేర్వేరు చోట్ల.

ఒక్కో బీకరునీ తెల్లటి బేసిన్‌లో పోసి చెంచాతో పిల్లని రెండో గిన్నెలోకి మార్చండి. గిన్నెలో పడ్డ ప్రతి పిల్లకీ ఒక నొక్కు. బేసిన్‌లో ఈదుతుండగానే చూపుతో లెక్కపెట్టేవాళ్లు ఒకే పిల్లని రెండుసార్లు నొక్కుతారు, అది తప్పదు. చెంచాలో ఐదేసి వస్తుంటే చెంచాకి ఐదు నొక్కులు నొక్కండి, ఒకటి నొక్కి ఐదు అనుకోవద్దు, నాలుగు వచ్చిన చెంచా ఒకటి ఉండనే ఉంటుంది.

ఉదాహరణకి ఐదు బీకర్లలో 17, 21, 18, 16, 20 వచ్చాయనుకోండి. మొత్తం 92. ఐదు బీకర్లంటే 500 మి.లీ., అంటే 10 లీటర్లలో ఇరవయ్యో వంతు. 92ని 20తో గుణిస్తే బ్యాగుకి 1,840. ఒక్క బీకరు మీదే ఆధారపడి ఉంటే 1,600 అనో 2,100 అనో తేలేది. మీకు ఒక్కోసారి ఒక్కోలా రావడం ఇదే. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే ఒక బ్యాగు పూర్తిగా లెక్కపెట్టండి, అలసట తప్ప తప్పు లేని పద్ధతి అది. ఈ పనంతా నీడలో, పిల్ల ఉన్న నీళ్లకి గాలి పెట్టుకుని, త్వరగా జరగాలి.

ఇంకో పని కూడా అప్పుడే చేసుకోండి. కౌంటర్‌తో సరిగ్గా 100 పిల్లల్ని లెక్కించి చెరువులోనే హాపాలో (నీళ్లలో కట్టే వల సంచి) వేసి, 48 గంటల తర్వాత బతికున్నవి లెక్కపెట్టండి. ఎంత పిల్ల వచ్చిందన్నదానికన్నా ఎంత నిలిచిందన్నదే తర్వాత మేత లెక్కకి పనికొస్తుంది. చనిపోయినవాటిని మాత్రమే లెక్కపెట్టి వందలోంచి తీసేయొద్దు, చచ్చినదాన్ని మిగతావి తినేస్తాయి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నాను. న్యూబావర్ ఛాంబర్‌లో (రక్తకణాలు లెక్కపెట్టడానికి గడులు గీసిన గాజు పలక) తెల్ల కణాలు లెక్కపెట్టేటప్పుడు ఇద్దరం లెక్కపెడితే తేడా వస్తోంది.
— వరంగల్ నుంచి ఒక విద్యార్థిని

గీత మీద పడ్డ కణాల దగ్గర తేడా వస్తుంటుంది. పై గీత, ఎడమ గీత మీదివి కలుపుకోవాలి, కింది గీత, కుడి గీత మీదివి వదిలేయాలి. ఏ రెండు గీతలన్నది మీ ల్యాబులో ఒకటే పద్ధతిగా ఉంటే చాలు. ఇద్దరూ చెరో రెండు పట్టుకుంటే తేడా వస్తుంది. కౌంటర్ వల్ల లాభం ఏమిటంటే మైక్రోస్కోప్ మీంచి కన్ను తీయక్కర్లేదు. నాలుగు మూల గడులకీ నాలుగుసార్లు ఆపి అంకె రాసుకోండి. ఒక గడికీ ఇంకో గడికీ మరీ తేడా ఉంటే కణాలు సమంగా పరుచుకోలేదన్నమాట, ఛాంబర్ మళ్లీ నింపాల్సిందే. 1కి 20 పలచన చేసినప్పుడు నాలుగు గడుల మొత్తాన్ని 50తో గుణించడం మీకు తెలిసిందే. అంటే మీరు ఒక్క కణం ఎక్కువ నొక్కితే రిపోర్టులో 50 పెరుగుతుంది.

తెల్ల కణాల్లో ఏ రకం వందకి ఎన్నో చూసే డిఫరెన్షియల్ కౌంట్‌కి ఒక్క మీట ఉన్న కౌంటర్ చాలదు. ఐదు రకాలకీ ఐదు మీటలుండి, వంద పూర్తయితే గంట కొట్టేది ఉంటుంది. అది లేకపోతే కౌంటర్ మీద మొత్తం, కాగితం మీద రకాల గీతలు, చివర రెండూ వందకి సరిపోవాలి.

ప్రశ్న: చంటిపిల్లల ఊపిరి లెక్క కౌంటర్‌తో తీయొచ్చా?
— పాడేరు ప్రాంతం నుంచి ఒక ఆశా కార్యకర్త

తీయొచ్చు, బాగా పనికొస్తుంది. చూపు పొట్ట మీదే ఉంచి, పైకి లేచిన ప్రతిసారీ నొక్కుతారు, నోటితో లెక్కపెట్టే పని ఉండదు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు, చొక్కా పైకి తీసి, ఫోన్‌లో అలారం పెట్టుకుని పూర్తిగా 60 సెకన్లు చూడండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించడం చిన్నపిల్లల్లో పనికిరాదు, వాళ్ల ఊపిరి ఒక లయలో ఉండదు.

2 నెలల లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువ, 2 నెలలు నిండి ఏడాది లోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40 లేదా ఎక్కువ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. 2 నెలల లోపు బిడ్డకి 60 లేదా ఎక్కువ వస్తే ఇంకోసారి లెక్కపెట్టి ఖాయం చేసుకోవాలి. రెండోసారికి ముందు కౌంటర్ సున్నా చేయడం మరవొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా కౌంటర్ జేబులో పెట్టేసి ఆసుపత్రికి పంపించండి, అంకె ఎంతైనా సరే.

ప్రశ్న: టిఫిన్ సెంటర్ పెట్టడానికి ఒక షాపు చూశాను. ఆ రోడ్డు మీద ఎంతమంది తిరుగుతారో కౌంటర్‌తో తేల్చొచ్చా?
— ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

రెండు కౌంటర్లు తీసుకోండి. ఎదురుగా ఒక కరెంటు స్తంభం ఎంచుకుని, దాన్ని దాటిన ప్రతి మనిషికీ ఎడమ చేతిది నొక్కండి. పక్కనున్న ఏదో ఒక తిండి కొట్టులోకి తిరిగినవాళ్లకి కుడి చేతిది. రెండో అంకే మీకు ముఖ్యం, మొదటిది చూసి మురిసిపోవద్దు. టిఫిన్ వేళల్లో ప్రతి గంటలో పావుగంట చూసి నాలుగుతో గుణిస్తే చాలు. మామూలు రోజు ఒకటి, ఆదివారం ఒకటి, ఆ ఊళ్లో సంత ఉంటే సంత రోజు ఒకటి. బైకు మీద ఇద్దరుంటే ఒకటా రెండా అన్నది మొదటి నొక్కు కంటే ముందే అనుకోవాలి.

ప్రశ్న: క్రోషెకి పనికొస్తుందా?
— న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

వరుసలకి పనికొస్తుంది, కుట్లకి కాదు. వరుస అయిపోయి పని తిప్పే ముందు నొక్కండి, తిప్పాక కాదు.

ప్రశ్న: పులికాట్‌లో పక్షుల గణనకి వెళ్తున్నాం. వేల రాజహంసలుంటే ఒక్కొక్కటీ నొక్కగలమా?
— సూళ్లూరుపేట నుంచి ఒక అధ్యాపకుడు

నొక్కలేరు. ముందు పది పక్షుల్ని నిజంగా లెక్కపెట్టి, గుంపులో ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంటికి ఎక్కించుకోండి. తర్వాత అంత జాగాకి ఒక నొక్కు. మరీ పెద్ద గుంపయితే వందకి ఒకటి. నోట్‌బుక్‌లో "నొక్కుకి 10" అని పైన రాసుకోవాలి, లేకపోతే సాయంత్రానికి 340 అన్నది 340 పక్షులో 3,400 పక్షులో ఎవరికీ గుర్తుండదు. గుంపు మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి రెండు చోట్లా కొలత మళ్లీ సరిచూసుకోండి.

ప్రశ్న: కొత్త స్టీలు కౌంటర్ అప్పుడప్పుడు అంకె మింగేస్తోంది. కొన్నిసార్లు రెండంకెల మధ్య ఆగిపోతోంది. బాగుచేయొచ్చా?
— గుంటూరు, కరీంనగర్ నుంచి ఇద్దరు పాఠకులు

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం రోగం కుదురుతుంది. మీట నొక్కగానే ఒక కొక్కెం ఒకట్ల చక్రాన్ని ఒక పన్ను ముందుకి తోస్తుంది. ఒకట్ల చక్రం 9 నుంచి 0కి తిరిగేటప్పుడు దాని పక్కనున్న బుల్లి పళ్ల చక్రం పదుల చక్రాన్ని ఒక అంకె లాగుతుంది. పదులకీ వందలకీ మధ్య, వందలకీ వేలకీ మధ్య కూడా అంతే. మామూలుగా ఒక్క చక్రం తిరిగితే, 0999 నుంచి 1000కి వెళ్లేటప్పుడు నాలుగూ ఒక్కసారే తిరగాలి. అప్పుడు మీట బరువుగా తగులుతుంది. వేగంగా నొక్కేవాళ్లు అక్కడ సగంలో వదిలేస్తారు, అంకె మధ్యలో ఇరుక్కుంటుంది.

కాబట్టి కొనేటప్పుడే పరీక్ష చేయండి. పదేసి చొప్పున పదిసార్లు నొక్కి 0100 వచ్చిందా చూడండి. ఓపిక ఉంటే 0999 దాకా వెళ్లి వెయ్యికి మారడం చూడండి, నాసిరకం అక్కడే బయటపడుతుంది. వాడేటప్పుడు మీటని అడుగంటా నొక్కి పూర్తిగా పైకి రానివ్వాలి. బొటనవేలు మీట మీంచి తీయకుండా ఊగిస్తుంటే కొక్కెం పక్క పన్నుని అందుకోదు.

మధ్యలో ఇరుక్కున్నప్పుడు పక్క పిడిని బలవంతంగా తిప్పొద్దు. మీటని మెల్లగా చివరిదాకా నొక్కి వదలండి, అంకె కుదురుకున్నాక పిడి తిప్పండి. పిడి తిప్పుతూ మీట నొక్కడం వల్లే పళ్లు అరుగుతాయి. పిడిని బాణం గుర్తు ఉన్న వైపే, నాలుగూ సున్నాలయ్యేదాకా తిప్పాలి. సగంలో ఆపితే 0030 లాంటిది మిగిలిపోయి, అది మీ లెక్కలో కలిసిపోతుంది.

చెమట వల్ల మీట పట్టేస్తే కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క, గుండుసూది మొనతో మీట పక్క సందులో వేయండి. కొబ్బరి నూనె వద్దు, చలికాలం గడ్డకట్టి దుమ్ము పట్టేస్తుంది. విప్పే ప్రయత్నం చేయకండి. స్ప్రింగ్ ఎగిరిపోవడం ఒక బాధ, నాలుగు చక్రాలూ మళ్లీ ఒకే వరసలో కూర్చోకపోవడం ఇంకో బాధ. ఎక్కువ నొక్కినా తీసివేసే మీట దీనికి ఉండదు. "రెండు ఎక్కువ" అని కాగితం మీద రాసుకుని చివర తీసేయడమే.

ప్రశ్న: ఉంగరం కౌంటర్ ఒక నొక్కుకి రెండు చూపిస్తోంది. బ్యాటరీ మారిస్తే పోతుందా?
— అనంతపురం నుంచి ఒక పాఠకుడు

అంకెలు మసకగా ఉంటే బ్యాటరీ మార్చి చూడండి. అంకెలు స్పష్టంగా ఉండి రెండేసి చూపిస్తుంటే లోపల బటన్ కింది రేకు అరిగింది లేదా చెమట చేరింది, దానికి రిపేరు ఉండదు. వంద రూపాయల లోపు వస్తువు, కొత్తది కొనుక్కోవడమే.

బ్యాటరీ తీసే ముందు అంకె రాసుకోండి. పాత బిళ్ల మీద ఏ నంబరుందో చూసి అదే అడగండి. ఎల్‌ఆర్44, ఎల్‌ఆర్1130 రెండూ ఒకే వెడల్పు, 11.6 మి.మీ. కానీ మొదటిది 5.4 మి.మీ. మందం, రెండోది సుమారు 3 మి.మీ. షాపులో పైనుంచి చూసి ఒకటి బదులు ఇంకోటి ఇచ్చేస్తారు. పలచటిది మందం గూట్లో వేస్తే కదలగానే కనెక్షన్ పోయి లెక్క సున్నా అవుతుంది.

తీసిన బిళ్లని కిటికీ గూట్లో వదిలేయకండి. పసిపిల్లలు మింగితే ఆహారనాళం లోపల గంటల్లోనే కాలిపోతుంది. మింగారన్న అనుమానం వచ్చినా, బిడ్డ మామూలుగా ఆడుకుంటున్నా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.